కంప్యూటర్ సైన్స్ ఉండగా సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌కు వేరే డిగ్రీ ఎందుకు?

పెద్ద సాఫ్ట్‌వేర్‌ను టీమ్‌గా తయారుచేసి ఏళ్ల తరబడి నడిపించే పని నేర్పడానికి కంప్యూటర్ సైన్స్‌లోని ఒకటి రెండు సబ్జెక్టులు చాలవు కాబట్టే ఈ డిగ్రీ విడిగా వచ్చింది.

కంప్యూటర్ సైన్స్‌లో అల్గారిథమ్‌లు, గణితం, సిద్ధాంతం ముఖ్యం. కానీ ప్రాజెక్టులు దెబ్బతినేది ఎక్కువగా వేరేచోట: కస్టమర్‌కు ఏం కావాలో సరిగ్గా రాసుకోకపోవడం, డిజైన్, టెస్టింగ్ సరిగా లేకపోవడం, తర్వాత మార్పులు చేయలేకపోవడం. ఈ సంక్షోభం గురించి 1968లోనే జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన నాటో సదస్సు చర్చించింది. అయినా డిగ్రీ స్థాయికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ముందు వచ్చింది పీజీ కోర్సులే.

అమెరికాలో రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 1996లో బ్యాచిలర్స్ స్థాయిలో దీన్ని మొదలుపెట్టింది. ఆ దేశంలో అదే మొదటిది. అక్కడ టీమ్ ప్రాజెక్టులతో పాటు కంపెనీల్లో పనిచేయడం కూడా చదువులో భాగమే.

ఇది కోడింగ్ మాత్రమే నేర్పే తేలిక కోర్సని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. డేటా స్ట్రక్చర్లు (డేటాను అమర్చుకునే పద్ధతులు), డిస్క్రీట్ మ్యాథ్స్ (తర్కం, సెట్లు, గ్రాఫ్‌ల వంటి గణితం) ఇక్కడా తప్పవు. మన బీటెక్ సీఎస్ఈలో 'సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్' అనే సబ్జెక్టు చదివినంత మాత్రాన ఆ డిగ్రీ చదివినట్టు కాదు.