బుల్లెట్‌కి లావు టైరు వేయొచ్చా?

మెకానిక్ బాబాయ్ జవాబులు

ప్రశ్న: బాబాయ్ గారూ, మా నాన్నగారి 1987 బుల్లెట్ స్టాండర్డ్ 350 నా చేతికొచ్చింది. ముందూ వెనకా 3.25-19 టైర్లే. ఇప్పటి బండ్ల పక్కన పెడితే వెనక చక్రం సైకిల్ చక్రంలా ఉంది. 130 టైరు వేయిద్దామంటే మా మెకానిక్ సరేనన్నాడు. పంక్చర్ షాపతను మాత్రం వద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: పంక్చర్ షాపతని మాట విను. వీలైతే ఓ టీ కూడా ఇప్పించు, నీ డబ్బులు మిగిల్చాడు.

అబ్బాయ్, 3.25-19 అంటే టైరు వెడల్పు 3.25 అంగుళాలు, అది కూర్చునే రిమ్ము 19 అంగుళాలు. 130 అంటే వెడల్పు 130 మిల్లీమీటర్లు. టైరు కొనేముందు రిమ్ము చూడాలి. వాల్వు దగ్గర మట్టి తుడిస్తే రిమ్ము మీద గుద్దిన అక్షరాలు కనిపిస్తాయి. ఒరిజినల్ రిమ్మే అయితే ‘డబ్ల్యూఎం 2’ అని ఉంటుంది. అంటే లోపలి వెడల్పు 1.85 అంగుళాలు, 47 మిల్లీమీటర్లు. 130 టైరుకేమో మూడంగుళాలకి అటూ ఇటూ ఉన్న రిమ్ము కావాలి. దాన్ని తెచ్చి నీ రిమ్ములో ఇరికిస్తే మూతి బిగించి కట్టిన బియ్యం బస్తాలా తయారవుతుంది. అంచులు లోపలికి లాక్కుపోతాయి, పక్కలు ఉబ్బుతాయి, నేలకి ఆనాల్సిన భాగం గుండ్రంగా ముడుచుకుపోతుంది. పేరుకి లావు టైరు, రోడ్డు మీద ఆనేది మధ్యలో ఓ పట్టీ. మలుపు తిప్పితే వెనక భాగం ఊగుతుంది.

ఇది నేను పడి నేర్చుకున్నదే. 1993లో నా యమహా ఆర్‌ఎక్స్ 100కి వెనక 2.75-18 తీసేసి 3.50-18 వేయించాను. రిమ్ము పాతదే. అప్పటికి నేను మెకానిక్‌నే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. స్టాండు వేసి చక్రం తిప్పితే ఎక్కడా తగల్లేదు, చాలనుకున్నాను. మూడో వారంలో మా బావమరిదిని వెనకా, పాతిక కేజీల బియ్యం సంచి ట్యాంకు మీదా పెట్టుకుని గుంటూరు నుంచి విజయవాడ బయల్దేరాం. గతుకు వచ్చినప్పుడల్లా ‘గర్ర్’మని చప్పుడు. బావమరిది చైను అన్నాడు, నేనూ చైనే అనుకున్నాను. మంగళగిరి దగ్గర రబ్బరు కాలిన వాసన వచ్చింది. దిగి చూస్తే మడ్‌గార్డు లోపలికి పొడుచుకొచ్చిన బోల్టు కొస టైరు చుట్టూ నాగలి చాలు దున్నినట్టు గాడి వేసింది. లోపల దారాలు తెల్లగా కనిపిస్తున్నాయి. బావమరిది ఆటోలో వెళ్లిపోయాడు. బియ్యం మాత్రం నాకే వదిలేశాడు.

సరే, నీ బండి సంగతి. రిమ్ము మార్చకుండా కాస్త లావు కావాలంటే 3.50-19 వేయించుకో. డబ్ల్యూఎం 2 రిమ్ము మీద అది కూర్చుంటుంది. వెడల్పు ఆరేడు మిల్లీమీటర్లే పెరుగుతుంది. నా మాట వింటే అక్కడితో ఆగు.

మనసు అంతకీ ఊరుకోకపోతే 18 అంగుళాల రిమ్ముకి దిగి 110/90-18 ప్రయత్నించొచ్చు. అంటే వెడల్పు 110 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 90 శాతం, రిమ్ము 18 అంగుళాలు. లెక్క చూడు: 3.25-19 చక్రం ఎత్తు దాదాపు 648 మిల్లీమీటర్లు, 110/90-18 ఎత్తు దాదాపు 655. తేడా చిటికెన వేలు మందం కూడా లేదు. గేరింగ్, అంటే ఇంజను తిరుగుడుకీ బండి వేగానికీ ఉన్న లెక్క, పెద్దగా మారదు, స్టాండు మీద బండి నిలబడే తీరూ మారదు. రిమ్ము వెడల్పు రెండున్నర అంగుళాలైతే ఈ టైరుకి హాయి. బుల్లెట్ చక్రం మధ్యలో ఉండే హబ్బుకి 40 స్పోకులు. 36 రంధ్రాల రిమ్ము తెచ్చుకుని తలపట్టుకున్న వాళ్లని చూశాను. రిమ్ము చిన్నదవుతుంది కాబట్టి పాత స్పోకులు పనికిరావు, కొలత ఇచ్చి పొట్టివి తెప్పించాలి.

అసలు చిక్కు ఎడమ వైపు. చైను, అది తిరిగే పళ్ల చక్రం (స్ప్రాకెట్), బ్రేకు డ్రమ్ము అన్నీ అటే ఉన్నాయి. టైరు లావైతే ముందు చైను కవరుకి, తర్వాత చైనుకి దగ్గరవుతుంది. తగులుతోందని స్పోకులు లాగి రిమ్ముని కుడికి జరిపేసే మహానుభావులు ఉన్నారు. ఒప్పుకోవద్దు. వెనక చక్రం ముందు చక్రం దారిలో నడవకపోతే లావు టైరు ఉండి ఏం లాభం?

బిగించాక స్టాండు మీద తిప్పి చూసి సంతోషపడకు, నాలాగ. చపాతీ పిండి చిన్న చిన్న ఉండలు చేసి మడ్‌గార్డు లోపల బోల్టుల దగ్గర, చైను కవరు లోపల అంటించు. వెనక ఇద్దరు బరువైన వాళ్లని కూర్చోబెట్టి కిందికి గట్టిగా నొక్కు. పిండి నలిగిన చోట టైరు తగులుతుందన్నమాట. నలిగి మిగిలిన పిండి మందం ఐదారు మిల్లీమీటర్లైనా లేకపోతే ఆ టైరు ఆ బండికి కాదు. చైను టైటు చేసినప్పుడు చక్రం వెనక్కి జరుగుతుంది, కాబట్టి కొత్త చైను వేసి చక్రం బాగా ముందుకి ఉన్నప్పుడు ఇంకోసారి చూసుకో.

ప్రశ్న: బాబాయ్ గారూ, మా వారి ఆర్‌ఎక్స్ 100కి వెనక 3.00-18 వేయించారు. పాత ట్యూబే ఉంచారు. అప్పట్నుంచి బండి ఒక పక్కకి లాగుతోంది. టైరు మార్చినందుకేనా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: టైరు సైజు తప్పు కాదమ్మా, ఆ రిమ్ముకి 3.00 సరిపోతుంది. ట్యూబు మాత్రం మార్పించు. ఏళ్ల తరబడి 2.75లో ఉన్న ట్యూబు పెద్ద టైరులో సాగి పల్చబడుతుంది.

పక్కకి లాగడం బహుశా బిగింపులో తేడా. చక్రం తీసి పెట్టేటప్పుడు చైను అడ్జస్టర్లు రెండు వైపులా ఒకే గీత మీద పెట్టలేదేమో. పొడుగు దారం తీసుకుని వెనక టైరుకి రెండు పక్కలా ఆనించి ముందు చక్రం దాకా లాగి పట్టుకోండి, ఒకరు అటూ ఒకరు ఇటూ. హ్యాండిల్ తిన్నగా ఉండాలి. ముందు టైరు సన్నం కాబట్టి దారానికీ దానికీ మధ్య సందు ఉంటుంది. ఆ సందు రెండు వైపులా సమానంగా ఉంటే చక్రాలు వరసలో ఉన్నట్టే. లేకపోతే అడ్జస్టరు అరచుట్టు తిప్పి మళ్లీ చూడండి. అరగంట పని, మీ వారికి మీరే చేసి చూపించొచ్చు.

ప్రశ్న: పాత బండికి టైర్లు, రిమ్ములు మారిస్తే కేసు అవుతుందా?
– ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి, ఆర్‌సీకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. పదిహేనేళ్లు దాటిన బండిని ఆర్‌సీ రెన్యువల్‌కి ఎలాగూ చూపించాలి. మార్చేముందే మీ ఆర్‌టీఓ ఆఫీసులో అడిగి వెళ్లండి. తీసేసిన పాత రిమ్ముని తుక్కు వాడికి మాత్రం అమ్మొద్దు. నూనె రాసి గోనెపట్టాలో చుట్టి అటక మీద పెట్టండి.