గఢ్వాల్ రైఫిల్స్ చరిత్ర రాయబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ కొండప్రాంతం పేరు మీద ఏర్పడిన సైనిక దళం గఢ్వాల్ రైఫిల్స్ చరిత్ర రాయడానికి పూనుకున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. సైనిక దళాల చరిత్రలు చదువుతూ, రాస్తూ చాలా ఏళ్లు గడిపినవాణ్ణి కనుక, నీవు కలం పట్టకముందే కొన్ని సంగతులు చెప్పాలనిపించింది.

అన్నిటికన్నా ముందు దళానికి కాలక్రమంలో మారిన పేర్ల పట్టిక ఒకటి తయారుచేసుకో. 1887 మే 5న అల్మోరాలో మూడవ గూర్ఖా రెజిమెంటుకు రెండవ బెటాలియన్‌గా మొదలైన ఈ దళం ఆ ఏడాదే కాలూడాండా కొండకు చేరింది. వైస్రాయి పేరు మీద లాన్స్‌డౌన్‌గా మారిన కొండ అదే. మొదటి ప్రపంచ యుద్ధంలో 39వ సంఖ్యతో పోరాడిన దళమే 1922లో 18వ రాయల్ గఢ్వాల్ రైఫిల్స్ అయింది. ఇలాంటి మార్పులను పట్టించుకోక తొలిరోజుల్లో నేను ఒకే బెటాలియన్‌ను రెండు వేర్వేరు దళాలుగా లెక్కవేసి, అచ్చుకు వెళ్లేముందు ఒక అధ్యాయమంతా తిరగరాయవలసి వచ్చింది.

కొండవాళ్ల దళం కనుక కొండల మీది యుద్ధాలే వెతకాలని నీకు అనిపించవచ్చు. కానీ ఈ దళానికి తొలి పెద్ద కీర్తి దక్కింది ఫ్రాన్స్‌లో, చదునైన బురదనేల మీద. 1914 నవంబరు 23, 24 తేదీల నడిమి రాత్రి ఫెస్టుబెర్ వద్ద జరిగిన పోరు గురించిన పతక ప్రకటనలో ‘ట్రావర్స్’ అనే మాట కనిపిస్తుంది. దాని అర్థం తెలుసుకోనిదే ముందుకు కదలకు. కందకాన్ని నేరుగా తవ్వరు; కొంత దూరానికొకసారి మట్టిదిమ్మను అడ్డంగా వదిలి, దాని చుట్టూ మలుపు తిప్పుతారు. ఒకచోట పడిన బాంబు పొడుగునా అందరినీ బలిగొనకుండా, లోపలికి దిగిన శత్రువు ఒక కొసన నిలబడి మొత్తం కాల్చెయ్యకుండా చేసే ఏర్పాటది. అందుచేత పోయిన కందకాన్ని తిరిగి పట్టుకోవాలంటే ఒక్కో మలుపునూ విడిగా గెలవాలి. మలుపు అవతల ఎంతమంది పొంచి ఉన్నారో తిరిగితే తప్ప తెలియదు. తలకు రెండు చోట్ల, చేతికి గాయాలైన నాయక్ దర్వాన్ సింగ్ నేగీ ఒక్కో మలుపునూ అందరికన్నా ముందు తిరిగినవారిలో ఒకరు. 1915 మార్చి 10న న్యూవ్ షాపెల్‌లో గబర్ సింగ్ నేగీ అదే విధంగా ముందు నడిచి ప్రాణాలు విడిచారు. ఇద్దరికీ బ్రిటిష్ వారి అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ లభించింది. ‘వీరోచితంగా పోరాడారు’ అన్న మాట ఎక్కడా రాయకు, ఆ మలుపును చూపించు చాలు. ఇంటిపేరు ఒకటే కనుక వారిని బంధువులుగా భావించవద్దు. గఢ్వాల్‌లో నేగీలు, రావత్‌లు ఎందరో ఉంటారు.

1930 ఏప్రిల్ 23న పెషావర్ కిస్సాఖానీ బజారులో నిరాయుధులైన జనం మీద కాల్పులు జరపడానికి ఈ దళానికే చెందిన చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయన సహచరులు నిరాకరించారు. సైనిక న్యాయస్థానం ఆయనకు యావజ్జీవ శిక్ష విధించింది. దీన్ని అనుబంధంలోకి నెట్టేసిన చరిత్రకారులంటే నాకు గౌరవం లేదు. ఫెస్టుబెర్‌కు ఇచ్చినంత చోటు దీనికీ ఇవ్వు.

ఇక చైనాతో యుద్ధంలో 1962 నవంబరు 17, నేటి అరుణాచల్ ప్రదేశ్‌లోని సేలా కనుమ దగ్గరి నూరానాంగ్. ఈ దళం సైనికుడు జస్వంత్ సింగ్ రావత్ ఒంటరిగా 72 గంటలు శత్రువును నిలువరించారన్న కథ నీకు అడుగడుగునా ఎదురవుతుంది. దళ చరిత్రలో నమోదైన సంగతి వేరు: ఆయన, త్రిలోక్ సింగ్ నేగీ, గోపాల్ సింగ్ గుసాయీ శత్రువు మెషిన్‌గన్ దగ్గరకు పాకుతూ వెళ్లి దాన్ని లాక్కున్నారు, మొదటి ఇద్దరూ మరణించారు, గాయపడిన గోపాల్ సింగ్ తుపాకీతో తిరిగివచ్చారు. రెండింటినీ రాయి, కానీ ఏది నమోదు, ఏది జనశ్రుతి అన్నది పాఠకుడికి స్పష్టంగా తెలిసేలా వేర్వేరు పేరాల్లో రాయి. ఆయన స్మారకమైన జస్వంత్‌గఢ్‌లో నేటికీ ఆయన కోసం పడక సిద్ధం చేస్తారు, బూట్లు పాలిష్ చేస్తారు. ఆ బూట్ల గురించి రాసేటప్పుడు ఎవరి నమ్మకాన్నీ చిన్నచూపు చూడకు.

ఫెస్టుబెర్ అధ్యాయం పూర్తికాగానే నాకు పంపు. కందకం మలుపు పటం గీసి దానికి జతచేయడం మరువకు.

ఆశీస్సులతో.