పాఠకుల ప్రశ్నలు: ఇంటికీ, ఇరుగుపొరుగుకీ సరిపోయే స్నోబ్లోయర్

ఈసారి ఉత్తరాలన్నీ మంచు గురించే, దాన్ని పట్టి దూరంగా విసిరే స్నోబ్లోయర్ అనే యంత్రం గురించే. అమెరికాలోనూ కెనడాలోనూ చలి ప్రాంతాల్లో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళకు ఇది ఏటా ఎదురయ్యే పనే కాబట్టి, పూర్తి వివరాలతో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఈ ఏడాదే ఇల్లు కొన్నాం. తారు డ్రైవ్‌వే, రోడ్డు నుంచి గ్యారేజీ దాకా, 20 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. పక్కింట్లో ఎనభై దాటిన దంపతులున్నారు, ఎదురింట్లో పసిబిడ్డ ఉన్న కుటుంబం. వాళ్ళ డ్రైవ్‌వేలు కూడా మేమే తీసిపెడదామనుకుంటున్నాం. సింగిల్ స్టేజ్ సరిపోతుందా, టూ స్టేజ్ తీసుకోవాలా? 24 అంగుళాలదా, 28 అంగుళాలదా?
ఒక పాఠకుడు, నోవై, మిషిగన్

ముందు బరువు లెక్క చూడండి. మీ డ్రైవ్‌వే 1,200 చదరపు అడుగులు. దాని మీద 6 అంగుళాల మంచు పడితే 600 ఘనపుటడుగులు, అంటే సుమారు 17 ఘనపు మీటర్లు. పొడి మంచు ఘనపు మీటరుకి 100 కిలోలు తూగిందనుకున్నా 1,700 కిలోలు. తడి మంచైతే అంతకు రెట్టింపు, ఒక్కోసారి మూడింతలు. మూడు ఇళ్ళంటే ఒక్క ఉదయం 5 టన్నులకు పైమాటే. కాబట్టి మెషిన్ కొనడం దండగేమో అన్న సందేహం అక్కర్లేదు.

అయితే ఏ మెషిన్ కొనాలో చెప్పేది డ్రైవ్‌వే మీద పడ్డ మంచు కాదు. రోడ్డు దగ్గర, డ్రైవ్‌వే మొదట్లో రోడ్డు మంచుని పక్కకి నెట్టే ప్లౌ ట్రక్కు వదిలేసిపోయిన గుట్ట. రోడ్డు మీది మంచు, ఉప్పునీళ్ళ బురద, గడ్డలు అన్నీ కలిసి అక్కడ ఒత్తుకుపోతాయి. అది ఘనపు మీటరుకి 400 కిలోలు దాటగలదు. రాత్రి అలాగే వదిలేస్తే తెల్లారేసరికి రాయే. దుకాణంలో అడగాల్సింది "ఎన్ని అంగుళాల మంచు తీస్తుంది?" అని కాదు, "ఈ గుట్టని తినగలదా?" అని.

సింగిల్ స్టేజ్‌లో రబ్బరు పలకలు నేలని తాకుతూ తిరిగి, మంచుని పట్టి ఒకే ఊపులో పైనున్న గొట్టం, అంటే చ్యూట్‌లోంచి విసిరేస్తాయి. మెషిన్ ముందుకి కదిలేది కూడా ఎక్కువగా ఆ పలకలు నేలని లాక్కోవడం వల్లే. 6 నుంచి 8 అంగుళాల లోపు మంచుని తారు కనబడేలా శుభ్రంగా తీస్తుంది, చిన్న గ్యారేజీలో ఓ మూల ఇమిడిపోతుంది, ఎత్తి కారులో పెట్టుకోవచ్చు. కానీ గడ్డకట్టిన గుట్ట ముందుకి వచ్చేసరికి రబ్బరుకి పట్టు దొరకదు, మెషిన్‌కి బరువు చాలదు. ముక్కు పైకి లేచి గుట్ట మీదికి ఎక్కేస్తుంది.

టూ స్టేజ్‌లో ఆగర్ అనే పళ్ళున్న ఉక్కు మర ముందు మంచుని కోసి మధ్యకి తెస్తుంది. వెనకాల ఉన్న పంకా దాన్ని అందుకుని విసురుతుంది. చక్రాల్ని ఇంజినే తిప్పుతుంది. చాలావాటి బరువు 90 కిలోల పైనే ఉంటుంది కాబట్టి గుట్టలోకి దిగి నిలబడుతుంది. మూడు ఇళ్ళంటే మూడు గుట్టలు. మీకు టూ స్టేజే.

ఇక వెడల్పు. ఒక వరస అంచు మీద తర్వాతి వరస 3 అంగుళాలు పడేలా వెళ్తే 24 అంగుళాల మెషిన్‌కి పని చేసే వెడల్పు 21. మీ 240 అంగుళాల వెడల్పుకి 12 వరసలు. 28 అంగుళాలదైతే 10. తేడా రెండే వరసలు. దానికోసం బరువూ ధరా పెంచుకుని, ఇంజిన్ మాత్రం అదే తీసుకుంటే నష్టం. 254 సీసీ ఇంజిన్ 24 అంగుళాల నోటికి పెడితే అంగుళానికి పదిన్నర సీసీ, 28కి పెడితే తొమ్మిదే. తడి మంచులో ఆ తేడా చేతికి తెలుస్తుంది. 250 సీసీకి తగ్గని 24 అంగుళాల మెషిన్ మా సలహా. 28 కావాలంటే 300 సీసీ దగ్గర ఉన్నది చూడండి.

ఇంకో మాట. 12 వరసలు, మూడు ఇళ్ళు: మొత్తం ముప్ఫైకి పైగా సార్లు ఆ బరువుని వెనక్కి తిప్పాలి. హ్యాండిల్ కింద చిన్న మీటలు నొక్కితే ఒక చక్రం పట్టు వదిలి సులువుగా తిరిగే సౌకర్యం ఉన్నది తీసుకోండి. వేడెక్కే పిడులు లేకపోయినా ఫర్వాలేదు, ఈ మీటలు లేకపోతే నడుము పట్టేస్తుంది.

గుట్టని తీసేటప్పుడు అన్నిటికన్నా తక్కువ గేరు, పూర్తి థ్రాటిల్ (ఇంజిన్ వేగం). నోటి నిండా కాకుండా సగం వెడల్పే తినిపించండి. ప్లౌ వెళ్ళిన గంటా రెండు గంటల్లో తీస్తే సగం శ్రమ తప్పుతుంది. రోడ్డు వైపు తిరిగి నిలబడితే ప్లౌ మీ ఎడమ చేతి వైపు నుంచి వస్తుంది. డ్రైవ్‌వేకి ఎడమ పక్క రోడ్డు అంచున ఓ పది అడుగుల మేర ముందే ఖాళీ చేసి ఉంచితే, ట్రక్కు తెచ్చిన మంచు చాలావరకు ఆ ఖాళీలోనే పడిపోతుంది. మీరు తీసిన మంచుని మాత్రం కుడి పక్కకే పొయ్యండి.

ప్రశ్న: పెట్రోలు వాసన, ఆయిలు మార్చడం మాకు పడదు. బ్యాటరీ స్నోబ్లోయర్ నమ్మొచ్చా?
ఒక పాఠకురాలు, బ్రాంప్టన్, ఒంటారియో

ఒక్క ఇంటికైతే నమ్మొచ్చు. కార్బ్యురేటర్ (ఇంజిన్‌కి పెట్రోలూ గాలీ కలిపి అందించే భాగం) గొడవ ఉండదు, తెల్లవారుజామున ఐదింటికి నడిపినా పక్కింటి పిల్లలు లేవరు. కొనేటప్పుడు వోల్టులు చూసి మోసపోకండి. వోల్టుల్ని ఆంపియర్-అవర్లతో గుణించండి. 56 వోల్టులు, 7.5 ఆంపియర్-అవర్లు అంటే 420 వాట్-అవర్లు, రెండు బ్యాటరీలుంటే 840. రెండు మెషిన్లని పోల్చాల్సింది ఈ అంకెతోనే. డబ్బా మీద రాసే నిమిషాలు తేలిక మంచుకి రాసినవి. తడి మంచులో అంతసేపు రాదు.

బ్యాటరీల్ని గ్యారేజీలో వదలకండి. ఇంట్లో ఉంచి, పనికి బయల్దేరేటప్పుడే బిగించండి. పని కాగానే చల్లబడ్డ బ్యాటరీని ఛార్జర్‌లో పెట్టకుండా గది వేడికి వచ్చేదాకా ఆగండి. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లిథియం బ్యాటరీ లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. రెండు మూడు ఇళ్ళ పని పెట్టుకుంటే మాత్రం పెట్రోలుదే మేలు: ట్యాంకు నింపుకుని మళ్ళీ మొదలుపెట్టొచ్చు.

ప్రశ్న: ఇంజిన్ నడుస్తోంది కానీ ఆగర్ కుడివైపు సగం తిరగడం లేదు. లోపల ఏదో పిన్ను విరిగిందట. దాని బదులు గట్టి ఉక్కు బోల్టు వేస్తే మళ్ళీ విరగదని తెలిసినవాళ్ళు అంటున్నారు. వెయ్యొచ్చా?
ఒక పాఠకుడు, రాచెస్టర్, న్యూయార్క్

వద్దు. దయచేసి ఆ పని చేయకండి. అది షియర్ పిన్. ఇంట్లో కరెంటు ఫ్యూజు ఏ పని చేస్తుందో ఇక్కడ అది అదే పని చేస్తుంది. ఆగర్‌లో ఏదైనా ఇరుక్కుంటే తను విరిగి వెనకున్న గేర్‌బాక్సుని కాపాడుతుంది. గట్టి బోల్టు వేస్తే అది విరగదు, గేర్లే విరుగుతాయి. పిన్ను ఖరీదు కొద్ది డాలర్లు. గేర్‌బాక్సు మార్చాలంటే వందల్లో అవుతుంది.

మార్చడం పది నిమిషాల పని. ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసేసి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయండి. ఆగర్ గొట్టం మీద, గేర్‌బాక్సుకి దగ్గరలో ఒక రంధ్రం కనిపిస్తుంది. అందులో అంచున మెరుస్తున్న లోహపు ముక్క ఉంటే అదే విరిగిన పిన్ను. మిగతాదంతా మసిబారి ఉన్నా విరిగినచోటు కొత్తగా తళతళలాడుతుంది. ఆ ముక్కని సన్నని పంచ్ పెట్టి సుత్తితో మెల్లగా తట్టి బయటికి తీయండి. గొట్టాన్ని చేత్తో తిప్పుతూ దాని రంధ్రాన్నీ లోపలి ఇరుసు రంధ్రాన్నీ ఒక వరసకి తెచ్చి, మీ మోడల్‌కి చెప్పిన పిన్నే వేసి బిగించండి. బలమంతా పెట్టి బిగించక్కర్లేదు.

కొత్త పిన్ను వేసేముందు ఆ గొట్టం ఇరుసు మీద స్వేచ్ఛగా తిరుగుతోందా లేదా తప్పక చూడండి. తుప్పు పట్టి ఇరుసుకి అతుక్కుపోయి ఉంటే, పిన్ను ఉన్నా లేకపోయినా ఒకటే. అడ్డు తగిలిన దెబ్బ నేరుగా గేర్లకే వెళ్తుంది. ఏటా ఒకసారి పిన్నులు తీసి, గొట్టం మీదున్న గ్రీజు ముక్కులోంచి గ్రీజు ఎక్కించి, నాలుగు చుట్లు తిప్పి మళ్ళీ పిన్నులు వేస్తే ఈ బెడద ఉండదు. పాత మెషిన్ కొనేవాళ్ళు కూడా ముందు పరీక్షించాల్సింది ఇదే. రంగు, టైర్లు తర్వాత.

పిన్ను విరగ్గొట్టేవి ఎక్కువగా మంచు కింద గడ్డకట్టిన దినపత్రిక, కాళ్ళు తుడుచుకునే పట్టా, పండగ దీపాల వైరు. ముఖ్యంగా పక్కింటి డ్రైవ్‌వేలో ఏది ఎక్కడుందో మీకు తెలియదు. నేల గడ్డకట్టకముందే, నవంబరులోనే, వాళ్ళతో కలిసి ఒకసారి నడిచి అంచుల వెంబడి ఎర్రటి ఫైబర్ కడ్డీలు పాతండి. నాలుగు పిన్నులు ఎప్పుడూ జేబులో ఉంచుకోండి.

రెండు వైపులా ఆగర్ ఆగిపోయి, రబ్బరు కాలిన వాసన వస్తుంటే అది పిన్ను కాదు, బెల్టు.

ప్రశ్న: తడి మంచు పడితే చ్యూట్ ప్రతి ఐదు నిమిషాలకీ బిగుసుకుపోతోంది. ఆపి, చేత్తో తీసి, మళ్ళీ నడుపుతున్నాను. ఏం చేయాలి?
ఒక పాఠకుడు, ఈడెన్ ప్రెయిరీ, మిన్నెసోటా

మొట్టమొదట చెయ్యి పెట్టడం మానండి. ఇంజిన్ ఆపేశాక కూడా, ఇరుక్కున్న పంకాలో బెల్టు బిగువు మిగిలి ఉండొచ్చు. అడ్డు తొలగగానే పంకా ఒక్క ఊపున కొంచెం తిరుగుతుంది. వేళ్ళు పోవడానికి ఆ కొంచెం చాలు. చ్యూట్ బిగుసుకుంటే హ్యాండిల్ మీది లీవర్లు రెండూ వదలండి, ఇంజిన్ ఆపండి, అన్నీ ఆగేదాకా చూడండి, ఆ తర్వాత మెషిన్‌తో వచ్చిన ప్లాస్టిక్ గరిటెతోనే తీయండి. అది పోతే చీపురు కర్ర. హ్యాండిల్ లీవర్ వదిలితే ఆగర్ ఆగిపోయే ఏర్పాటు ప్రాణరక్షణ కోసం పెట్టింది. చేతులు నొప్పెడుతున్నాయని దాన్ని టేపుతో కట్టేసేవాళ్ళున్నారు. ఎవరింట్లో చూసినా విప్పించండి.

ఇక కారణం. గ్యారేజీలో వెచ్చగా ఉన్న ఇనుము మీద మంచు కరిగి, మళ్ళీ గడ్డకట్టి అతుక్కుంటుంది. కాబట్టి మెషిన్‌ని పనికి ముందు పది పదిహేను నిమిషాలు బయట చల్లబడనివ్వండి. చ్యూట్‌కీ పంకాకీ పొడిగా ఉండగానే సిలికాన్ స్ప్రే కొట్టండి. నడిపేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా ఉండాలి, తగ్గించాల్సింది నడక వేగమే. చాలామంది మెషిన్ మూలుగుతోందని థ్రాటిల్ తగ్గిస్తారు. పంకా నెమ్మదిస్తే విసురు తగ్గి మంచు చ్యూట్‌లోనే నిలిచిపోతుంది. ఇవన్నీ చేసినా తగ్గకపోతే పంకా రెక్కకీ చుట్టూ ఉన్న డొల్లకీ మధ్య సందు చూడండి. ఎక్కువగా ఉంటే రెక్కల చివర రబ్బరు ముక్కలు బిగించే కిట్లు దొరుకుతాయి. నీళ్ళ మంచులో వాటితో వచ్చే తేడా చాలా ఎక్కువ.

ప్రశ్న: మాది కంకర డ్రైవ్‌వే. రాళ్ళు ఎగిరిపడుతున్నాయి.
ఒక పాఠకురాలు, లండన్, ఒంటారియో

కంకర మీద సింగిల్ స్టేజ్ వాడకూడదు. టూ స్టేజ్‌కి రెండు పక్కలా ఉన్న స్కిడ్ షూల (నేల మీద జారే పాదాల) నట్లు వదులుచేసి, కింది స్క్రేపర్ పట్టీ నేల నుంచి అంగుళం పైన ఉండేలా ఆ షూలని దించి బిగించండి. పట్టీ కింద అంగుళం మందం చెక్క పెట్టి చేస్తే రెండు వైపులా సమంగా వస్తుంది. తారు మీదైతే అంగుళంలో ఎనిమిదో వంతు చాలు. చ్యూట్‌ని మనుషుల వైపు, కిటికీల వైపు, కార్ల వైపు ఎప్పుడూ తిప్పకండి.

ప్రశ్న: వీధిలో నాలుగైదు ఇళ్ళవాళ్ళు డబ్బిస్తాం, మాదీ తీయమంటున్నారు. నాది హెచ్-1బి. తీసుకోవచ్చా?
పేరు, ఊరు వద్దన్న పాఠకుడు

తీసుకోవద్దు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు తమ కోసం పిటిషన్ వేసిన సంస్థకే పనిచేయాలి. వారాంతంలో మంచు తీసి డబ్బు పుచ్చుకున్నా అది అనుమతి లేని పనిగానే లెక్కకొస్తుంది. పని అనుమతి లేని హెచ్-4 వాళ్ళకూ, ఎఫ్-1 విద్యార్థులకూ ఇదే జాగ్రత్త. ముప్ఫై నలభై డాలర్ల కోసం గ్రీన్‌కార్డు దరఖాస్తుని చిక్కుల్లో పెట్టుకోకండి. పక్కింటి పెద్దవాళ్ళకి ఊరికే సాయం చేయడం వేరు, అది నిశ్చింతగా చేయండి.

డబ్బు తీసుకునే హక్కున్నవాళ్ళు కూడా తమ ఇంటి బీమా వ్యాపార పనికి వర్తిస్తుందో లేదో ముందే అడగాలి. చాలా పాలసీలు వర్తించవు. చ్యూట్‌లోంచి రాయి ఎగిరి కారు అద్దం పగిలితే అప్పుడు తెలుస్తుంది. మిన్నెసోటా, మిషిగన్ రాష్ట్రాల్లో తీసిన మంచుని రోడ్డు మీదికి పోయడం చట్టవిరుద్ధం. కాలిబాటకి కూడా గడువుంటుంది: మిన్నియాపొలిస్‌లో ఒకటి రెండు కుటుంబాల ఇళ్ళవాళ్ళు మంచు ఆగాక 24 గంటల్లో తీయాలి. మీ ఊరి గడువేమిటో నగరపాలక సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ప్రశ్న: నిరుడు బాగా నడిచిన మెషిన్ ఈసారి స్టార్టే కాలేదు. మెకానిక్ కార్బ్యురేటర్ అంటున్నాడు.
ఒక పాఠకుడు, షాంబర్గ్, ఇల్లినాయి

వేసవంతా ట్యాంకులో పెట్రోలు ఉండిపోయి ఉంటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు నెల దాటితే చెడడం మొదలవుతుంది, తేమని లాక్కుంటుంది, కార్బ్యురేటర్‌లోని సన్నటి జెట్‌లో జిగురులా పేరుకుంటుంది. దొరికితే ఇథనాల్ లేని పెట్రోలే వాడండి. మామూలుదైతే 10 శాతం ఇథనాల్‌కి మించనివ్వకండి, కొన్నరోజే పెట్రోలు చెడకుండా ఉంచే స్టెబిలైజర్ కలపండి. మార్చి చివర్లో ఆఖరిసారి వాడాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ తనంతట తాను ఆగిపోయేదాకా ఆరుబయట నడపండి. తలుపు తీసి ఉన్నా సరే గ్యారేజీలో వద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఆగాక కార్బ్యురేటర్ గిన్నె కింద ఉన్న చిన్న బోల్టు వదులుచేస్తే మిగిలిన చెంచాడూ కారిపోతుంది. ఆయిలు కూడా అప్పుడే మార్చేయండి, చాలా మెషిన్లకి 5డబ్ల్యూ-30.