కెమెరా ముందు బిగుసుకుపోతున్నాను, ఖరీదైన కెమెరా కొంటే బాగుపడతానా?

పడరండీ. ఉన్న ఫోన్ చాలు, ఆ డబ్బులో కొంచెం పెట్టి ఒక కాలర్ మైక్ కొనుక్కోండి. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు, గొంతు ఖాళీ గదిలోంచి వచ్చినట్టుంటే వేలు పైకి తోసేస్తారు.

బిగుసుకుపోవడం మాత్రం వేరే జబ్బు. మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు పక్క ఊరు. మా పిన్ని ఖాదీ పత్తి శుభ్రం చేస్తుంది, వాలుగ చేప దవడ ఎముకతో. గింజతో ఉన్న పత్తిని ఆ సన్నటి పళ్ల మీద దువ్వుతుంటే చెత్తంతా రాలిపోయి పీచు మెత్తగా విచ్చుకుంటుంది. వీడియో తీద్దామని ఫోన్ స్టాండుకి పెట్టానో లేదో, అప్పటిదాకా పక్కింటావిడతో గలగలా మాట్లాడుతున్న మనిషి కొంగు సర్దుకుని "నమస్కారం, ఇప్పుడు పత్తిని శుద్ధి చేయు విధానము" అని మొదలెట్టింది. చేతులు కూడా ఆగిపోయాయి! పక్కింటావిడని పిలిచి సరిగ్గా ఫోన్ వెనక పీట మీద కూర్చోబెట్టి, నీకు తోచింది అడుగు అన్నాను. "ఈ పళ్లు గుచ్చుకోవేటి వదినా?" అంది. "ఓలమ్మ, గుచ్చుకోకేటి, ఇదిగో సూడు" అని పిన్ని వేలు లెన్సు మీదకి చాపింది, కొస నిండా సన్నటి గాట్లు. ఎక్కువమంది చూసింది ఆ ముక్కే. అందుకే మీరూ వెనక కెమెరాతో తీయండి, మీ మొహం మీకు కనబడకూడదు, లెన్సు వెనక ఎవరో ఒకరు ఉండాలి.

ఇంకో మాట, అడక్కపోయినా చెప్తాను. మనవాళ్లకి కెమెరా ఆన్ అయితే చాలు, వార్తలు చదివే తెలుగు వచ్చేస్తుంది. గురజాడ వాడుక భాషలో రాసిన నాటకం 1892లోనే విజయనగరంలో ఆడించారు, మనం ఇంకా "విధానము" దగ్గరే ఉన్నాం. మన యాస సినిమాల్లో నవ్వించడానికి తప్ప పనికిరాదని నమ్మేసినవాళ్లు మనలోనే ఎక్కువ.

ట్యూబ్‌లైట్ కింద చారలు కదులుతున్నాయని కూడా రాశారుగా. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ఫోన్ కెమెరాలో సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్‌లోకి వెళ్లి షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెట్టండి. అది కుదరకపోతే లైటు ఆపేసి పగలు కిటికీకి ఎదురుగా కూర్చోండి. మైకులో చప్పుడు రాకుండా ఫ్యాన్ కూడా ఆపండి, చెమట పడితే పడనీండి.