పాత లెస్ పాల్ పికప్‌లు ఒరిజినలేనా? ముందు పాట్ వెనక అంకెలు చదవండి

1974 నాటి గిబ్సన్ లెస్ పాల్ ఎలక్ట్రిక్ గిటార్, సౌండ్ మూసుకుపోయినట్టుంది, వాల్యూమ్ తిప్పితే గరగర, పికప్‌లు (తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, రాగి తీగ చుట్టలు) ఒరిజినలో కాదో తెలీదు, ఏవి వేయమంటారు అని అడిగారు. ఇప్పుడే పికప్‌ల జోలికి పోకండి.

పికప్ అడుగున స్టిక్కర్ చూసి తేల్చేయడం పెద్ద పొరపాటు. నకిలీ స్టిక్కర్లు విడిగా అమ్ముతారు. గిబ్సన్ ఇంజనీర్ సెత్ లవర్ కనిపెట్టిన హంబకర్‌కి (అనవసరపు హమ్మింగ్‌ను అణిచే రెండు చుట్టల పికప్) 1959లో వచ్చిన పేటెంట్ 2,896,491. గిబ్సన్ పికప్‌ల మీద వేసిందేమో 2,737,842, అది గిటారిస్టు లెస్ పాల్ టెయిల్‌పీస్‌ది (తీగల కొసలు పట్టి ఉంచే భాగం)! ఆ కాలం పికప్ మీద ఈ తప్పు నంబరే ఉండాలి. కవర్ మాత్రం ఊడదీయకండి. ఫ్యాక్టరీ సోల్డర్ చెక్కుచెదరకుండా ఉంటేనే విలువ.

గిటార్ వెనక ప్లేటు విప్పి పాట్‌ల మీది అంకెలు చదవండి. పాట్ అంటే పొటెన్షియోమీటర్, వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే భాగం. 1377428 అని ఉంటే 137 అంటే సీటీఎస్ కంపెనీ, 74 సంవత్సరం, 28 వారం. 304 ఉంటే స్టాక్‌పోల్. ఇది పాట్ తయారైన తేదీ, గిటార్ అంతకంటే పాతది కాదని మాత్రమే చెబుతుంది. మరో గిటార్ కంపెనీ ఫెండర్ 1966లో కొన్న పాట్‌లను ఆ దశాబ్దం చివరిదాకా వాడింది.

తర్వాత జాక్‌లో కేబుల్ పెట్టి, మల్టీమీటర్ ఒక కొస ప్లగ్ మొనకి, రెండోది దాని ఒంటికి ఆనించండి. వాల్యూమ్ 10లో, పికప్ ఎంచుకునే స్విచ్ ఒక పక్కకే. 7 నుంచి 8 కిలోఓములు వస్తే కాయిల్స్ బాగున్నట్టే. స్విచ్ మధ్యలో ఉంటే రెండు పికప్‌లూ కలిసి సగమే చూపిస్తాయి, దాన్ని చూసి కాయిల్ పోయిందనుకుంటారు. 300 కిలోఓములు చూపిస్తే మీరు కొలుస్తున్నది పాట్‌ని, లోపల వైండింగ్ తెగింది. ఎండాకాలంలో రీడింగ్ పెరుగుతుంది కూడా. 20 డిగ్రీల దగ్గర 7.5 ఉన్న రాగి తీగ 40 డిగ్రీలకి దాదాపు 8.1 అవుతుంది.

మూసుకుపోయిన సౌండ్‌కి కారణం చాలావరకు పాట్‌లే. 70ల్లో గిబ్సన్ చాలా లెస్ పాల్‌లలో వాల్యూమ్‌కి 300కె (కె అంటే కిలోఓములు), టోన్‌కి 100కె వేసింది. ఆ 100కె పైస్థాయిని మింగేస్తుంది. పాపం, నిందేమో పికప్ మీద పడుతుంది. నాలుగు పాట్‌లూ 500కె ఆడియో టేపర్‌వి (చెవికి సమానంగా పెరిగినట్టు అనిపించేవి), టోన్ పాట్‌లకి 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి, దాని మీద 223 అని ఉంటుంది. నూనెలో ముంచిన కాగితపు కెపాసిటర్లకి వేలు పోయకండి, విలువ ఒకటే అయితే చెవికి తేడా లేదు.

నాబ్ తిప్పినప్పుడే గరగరమంటే పాట్ కాళ్ల పక్క సందులోకి కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు కొట్టి ముప్పైసార్లు తిప్పండి. తిప్పకపోయినా శబ్దం వస్తుంటే జాక్ లేదా వదులైన సోల్డర్ చూడాలి.

కొత్త పాట్ కొనేటప్పుడు జాగ్రత్త. మన దగ్గర షాపుల్లో చేతికిచ్చేది చాలావరకు బి500కె, అంటే లీనియర్. మీకు కావాల్సింది ఎ500కె, అంటే ఆడియో టేపర్. చెక్క మందంగా ఉంటుంది కాబట్టి మర పొడవున్నది, అంటే ముప్పావు అంగుళం బుష్ ఉన్నది తీసుకోండి, లేకపోతే నట్టు పట్టదు. షాఫ్ట్‌కి 24 పళ్లు ఉండాలి. 18 పళ్లదానికి పాత నాబ్ సరిగ్గా కుదరదు, బలవంతంగా నొక్కకండి. తీసిన పాట్‌లని చెత్తబుట్టలో వేసే రిపేరర్లను చూస్తే బాధేస్తుంది. కవర్‌లో పెట్టి ఏది ఎక్కడిదో రాసి, కేసులోనే దాచండి. రేపు అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది వాటినే.