దెబ్బ గుర్తులేదు, ఒళ్లు మాత్రం కమిలిపోతోంది

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 63. రెండేళ్ల కిందట విశాఖలో గుండెకు స్టెంట్ వేశారు. అప్పటినుంచి ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నాను. ఆరు నెలలుగా మోచేతి నుంచి మణికట్టు దాకా నల్లగా, ఊదాగా మచ్చలు వస్తున్నాయి. తలుపు గడియ తగిలినా చాలు, కమిలిపోతోంది. మోకాళ్ల నొప్పులకు సంతలో అమ్మే పొడి పొట్లాలు కూడా వాడుతున్నాను. పక్కింటావిడ గాలి సోకిందంటుంది, మా అబ్బాయి గుండె మాత్రలు ఆపేయమంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుణుపూర్

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. గుండె మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. స్టెంట్‌లో రక్తం గడ్డకడితే గుండెపోటు వస్తుంది, చేతి మీద మచ్చతో దాన్ని పోల్చలేం. మీ అబ్బాయి భయపడి చెప్పాడు, అర్థం చేసుకోగలను, కానీ మోతాదు తగ్గించాలన్నా, రెండింట్లో ఒకటి ఆపాలన్నా స్టెంట్ వేసిన డాక్టరే చెప్పాలి.

గాలి సోకడం ఏమీ లేదు. చర్మం కింద వెంట్రుక కంటే సన్నటి రక్తనాళాలు ఉంటాయి. అవి చిట్లి రక్తం బయటికి వచ్చి చర్మం కిందే నిలిచిపోతే కమిలిన మచ్చ. మామూలుగా రక్తంలో ఉండే ప్లేట్‌లెట్లు అనే చిన్న కణాలు వెంటనే చేరి ఆ చిల్లును మూసేస్తాయి. మీరు వాడే రెండు మాత్రల పనీ ఆ ప్లేట్‌లెట్లను అతుక్కోనివ్వకపోవడమే, అందుకే స్టెంట్ తెరుచుకుని ఉంటోంది, అందుకే గడియ తగిలినా రక్తం కాస్త ఎక్కువసేపు కారుతోంది. దానికి వయసు తోడైంది. అరవై దాటాక చర్మం పలచబడుతుంది, కింద మెత్తలా ఉండే కొవ్వు తగ్గుతుంది, నాళాలను పట్టి ఉంచే కొల్లాజెన్ బలహీనపడుతుంది. ఏళ్ల తరబడి ఎండలో పని చేసినవాళ్లకి ముంజేతుల మీదే ఇది ఎక్కువ.

నాకు అసలు టెన్షన్ ఆ పొడి పొట్లాలతోనే. అన్నిట్లో ఉంటుందని అనను, కానీ పేరూ వివరమూ లేకుండా అమ్మే కీళ్ల నొప్పుల పొడుల్లో స్టెరాయిడ్ కలపడం మన దేశంలో ఎన్నోసార్లు బయటపడిన సంగతే. వేసుకున్న రోజే నొప్పి మాయమవడం, ఆకలి పెరగడం, ముఖం గుండ్రంగా ఉబ్బడం ఉంటే అనుమానించాల్సిందే. నెలల తరబడి స్టెరాయిడ్ వాడితే చర్మం కాగితంలా అవుతుంది, ముట్టుకుంటే కమిలిపోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. చాలాకాలం వాడి ఒక్కసారిగా మానేస్తే, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ వెంటనే అందక నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం వరకూ వెళ్తుంది. కాబట్టి ఈ వారంలోనే డాక్టరుకి ఆ పొట్లం చూపించి, ఎలా మానాలో అడగండి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా మీకు వద్దు, గుండె మాత్రలతో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. నొప్పికి పారాసిటమాల్ మేలు, అదీ అడిగే వాడండి.

మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్ల ఇబ్బంది ఒకటుంది. గుండెకు విశాఖ, జ్వరానికి గుణుపూర్, కీళ్లకు పర్లాకిమిడి లేదా శ్రీకాకుళం వెళ్తాం, ఒక డాక్టరు రాసింది ఇంకొకరికి తెలియదు. అందుకే చీటీలు, మాత్రల అట్టలు, నూనెలు, పొట్లాలు అన్నీ ఒకే సంచిలో వేసుకుని వెళ్లండి. చేతిలో సంచి ఉంటే ఒడియాలో చెప్పినా తెలుగులో చెప్పినా డాక్టరుకి విషయం తెలిసిపోతుంది. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్ల సంఖ్య చూస్తారు. మామూలుగా 1.5 లక్షల నుంచి 4.5 లక్షల వరకు ఉండాలి. లివర్, కిడ్నీ పరీక్షలు కూడా అడగవచ్చు.

ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది. కమిలిన వెంటనే గుడ్డలో చుట్టిన ఐసు గాని, తడి చల్లని గుడ్డ గాని పది, పదిహేను నిమిషాలు పెట్టి చేయి ఎత్తి ఉంచండి. నూనె పోసి గట్టిగా రుద్దకండి, ఇంకా చిట్లుతుంది. రెండు రోజులయ్యాక గోరువెచ్చటి కాపడం పెట్టవచ్చు. నలుపు ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారి రెండు వారాల్లో పోతుంది. ఆ రంగు మారడం మంచిదే, నిలిచిన రక్తాన్ని ఒళ్లు శుభ్రం చేసుకుంటోందన్నమాట. పనిలో ఉన్నప్పుడు పొడుగు చేతుల జాకెట్టు వేసుకోండి, రాత్రి లేచే దారిలో చిన్న లైటు వెలగనివ్వండి. చోడి (రాగి) అంబలి, అన్నం, టీతోనే రోజు గడుపుతుంటే విటమిన్ సి అందదు. రోజుకో జామకాయ గాని, ఉసిరికాయ గాని తినండి, పచ్చిగానే.

మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం ఎర్రగా వచ్చినా, ముక్కు నుంచి రక్తం పది నిమిషాలు నొక్కి పట్టినా ఆగకపోయినా, తలకు దెబ్బ తగిలినా ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రికి వెళ్లండి. తలకు తగిలిన దెబ్బ చిన్నదైనా సరే.

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. తొడల మీద తరచూ కమిలిన మచ్చలు. ప్లేట్‌లెట్లు మామూలే అన్నారు. నెలసరి ఎనిమిది రోజులు ఎక్కువగా పోతుంది. చిన్నప్పటినుంచి పళ్లు తోముకుంటే రక్తం వస్తుంది. ఆడపిల్లలకి మామూలే కదా?
– ఒక తల్లి, రాయగడ

జవాబు: మామూలు కాదమ్మా. ఈ మూడూ ఒకే పిల్లలో ఉంటే ప్లేట్‌లెట్ల సంఖ్య బాగున్నా రక్తం గడ్డకట్టే తీరులో పుట్టుకతో వచ్చిన లోపం ఉండవచ్చు. వాన్ విల్లెబ్రాండ్ అనే లోపం అలాంటిదే, చాలామంది ఆడపిల్లల్లో దాన్ని నెలసరి బాధగా లెక్కేసి వదిలేస్తారు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ లాంటి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీ పుట్టింట్లో గాని, అత్తింట్లో గాని పన్ను పీకించుకున్నప్పుడో కాన్పులోనో ఎవరికైనా రక్తం ఆగలేదా అన్నది ముందే కనుక్కుని చెప్పండి. రక్తహీనత ఉందేమో కూడా చూపించండి. ఈ లోపానికి మందులున్నాయి, పెళ్లికీ పిల్లలకీ అడ్డు కాదు.

అమ్మాయితో ఒకసారి ఒంటరిగా కూర్చుని మాట్లాడండి. ఎవరైనా కొడుతున్నారా అన్నది మెల్లగా అడగండి, కోప్పడకుండా వినండి. అలాంటిదేమైనా ఉంటే మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. పరీక్షలన్నీ తేలేదాకా పన్ను పీకించడం, చిన్న ఆపరేషన్ లాంటివి పెట్టుకోకండి, తప్పనిసరైతే రక్తం సంగతి ముందే ఆ డాక్టరుకి చెప్పండి.