తడి, పొడి కలవనివ్వకు: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మీ అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇద్దరే ఉండే ఇంట్లో రోజూ సంచెడు చెత్త ఎలా పోగవుతోందో తెలియడం లేదని మొన్న ఫోనులో అన్నావు. తీరిగ్గా రాస్తానన్నాను కదా, ఇప్పుడు రాస్తున్నాను. కిందటి నెల హైదరాబాదులో మీ దగ్గర నాలుగు రోజులు ఉన్నప్పుడు నేను చూసినంతలో మీ ఇంట్లో చెత్త మరీ ఎక్కువేమీ కాదు. అంతా ఒకే బుట్టలో పడుతోంది, అదే చిక్కు. సొరకాయ తొక్కు, టీ పిప్పి, పాలప్యాకెట్టు, అట్టపెట్టె ఒకదాని మీద ఒకటి పడేసరికి, అమ్ముకోదగిన అట్ట తడిసి చెడిపోతోంది, ఎరువు కావలసిన తొక్కు ప్లాస్టిక్కుతో కలిసి ఎందుకూ కొరగాకుండా పోతోంది. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు తడిని, పొడిని, ఇంట్లో పుట్టే ప్రమాదకరమైన చెత్తను ఇంటిదగ్గరే వేరు చేయమన్నది ఇందుకే. మీ వీధికి వచ్చే స్వచ్ఛ ఆటోలో వేసిందంతా చివరకు ఎక్కువగా నగరం చెత్త పోసే జవహర్‌నగర్‌కు చేరుతుంది. అక్కడి గుట్టల్లోంచి ఊరిన మురుగు పక్కనున్న మల్కారం చెరువును ఏం చేసిందో ఆ చుట్టుపక్కల వాళ్ళను అడిగితే చెబుతారు.

కాబట్టి ముందు మూడు బుట్టలు పెట్టు. మూడోది చిన్న డబ్బా అయినా చాలు. అయిపోయిన బ్యాటరీలు, గడువు దాటిన మాత్రలు, పగిలిన ట్యూబులైటు దానిలో వెయ్యి. పాలప్యాకెట్టును మూల పూర్తిగా తెగిపోకుండా కత్తిరించు, ఎందుకంటే ఊడిపడిన ఆ చిన్న ముక్కను ఎవరూ ఏరరు. ప్యాకెట్టును కొంచెం నీళ్ళతో తొలిచి, ఆ నీళ్ళు టీలో పోసుకుని, ఖాళీ ప్యాకెట్లను ఆరబెట్టి కట్ట కట్టి ఉంచితే పాత సామాన్లవాడు తీసుకుంటాడు.

ఇక తడి చెత్త సంగతి. అది బుట్టలోకి రాకముందే సగం తగ్గించవచ్చు. బీరకాయ తొక్కుతో పచ్చడి, తోటకూర కాడలతో పులుసు, రాత్రి మిగిలిన అన్నంలో పాలు పోసి తోడువేసి పొద్దున్నే ఉల్లిపాయతో తినడం మీ నాయనమ్మ ఇంట్లో రోజూ జరిగేవే. అప్పట్లో మిగిలిన కడుగు నీళ్ళు, గంజి కుడితి గోలెంలోకి పోయేవి. మూడో అంతస్తులో గేదె ఎలాగూ ఉండదు కనుక, దాని పని ఒక బకెట్టుకు అప్పగించాలి.

రంగులు వేసినవాళ్ళు వదిలేసే 20 లీటర్ల ఖాళీ డబ్బాలు రెండు సంపాదించి, పక్కలకూ అడుగునా కన్నాలు పెట్టించు, కింద ఒక పళ్ళెం ఉంచు. అడుగున నాలుగు వేళ్ళ మందం ఎండుటాకులు పరిచి, దాని మీద ఆ రోజు తొక్కులు చిన్న ముక్కలుగా కోసి వేసి, తొక్కులకు రెండింతలు ఎండుటాకులో కొబ్బరి పొట్టో కప్పు. మొదటిసారి రెండు చెంచాల పుల్లటి మజ్జిగ చిలకరిస్తే కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు త్వరగా అందుకుంటాయి. మూడు రోజులకొకసారి పుల్లతో కదిలించు. నేను మొదలుపెట్టిన కొత్తలో, మిగిలిన పప్పుచారు కూడా అందులోనే పోసేసి, ఆకులు వేయడం దండగ అనుకున్నాను. వారానికి తెల్లటి పురుగులు పట్టాయి, పక్కింటివాళ్ళు ముక్కు మూసుకున్నారు, మీ మామయ్య నాలుగు రోజులు బాల్కనీ వైపు రాలేదు. తప్పు నాదే. తడి ఎక్కువై గాలి ఆడకపోతే అది ఎరువుగా మారదు, మురిగిపోతుంది. గుప్పెడు తీసి పిండి చూడు: నీళ్ళు కారితే ఆకులు వెయ్యి, పొడిపొడిగా రాలితే నీళ్ళు చిలకరించు. ఎముకలు, నూనె ముద్దలు మాత్రం వెయ్యకు. మొదటి డబ్బా నిండాక దాన్ని పక్కన పెట్టి రెండోది మొదలుపెడితే, నెలన్నర, రెండు నెలల్లో మొదటిది వాన పడ్డ మట్టి వాసన వేస్తూ నల్లగా తయారవుతుంది. ఆకుల కోసం ఎక్కడికీ వెళ్ళనవసరం లేదు. మీ అపార్ట్‌మెంటు వాచ్‌మన్ రోజూ ఊడ్చి తగలబెట్టేవాటిని రెండు గోతాలు అడిగి తెచ్చుకో.

నీళ్ళ విషయంలో నాకు మీ మీద కాస్త కోపం ఉంది. నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా మోటార్లతో ఎత్తిపోసి తెచ్చిన కృష్ణ నీటిని, మీ వంటింట్లో నీళ్ళు శుద్ధి చేసే ఆర్వో యంత్రం గొట్టం గుండా కాలువలోకి వదులుతోంది. అటువంటి యంత్రాలు లీటరు మంచినీళ్ళు ఇవ్వడానికి తరచుగా మూడు లీటర్ల వరకు పారబోస్తాయి. ముందు మీ కుళాయి నీటిలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపించుకోండి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఆర్వో అవసరం సాధారణంగా ఉండదు, సూక్ష్మజీవులను చంపే మామూలు ఫిల్టరు చాలు. బోరు నీళ్ళయి తప్పదనుకుంటే, ఆ గొట్టం కింద బకెట్టు పెట్టి, ఆ నీళ్ళు ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి వాడండి. మొక్కలకు రోజూ పోయకు, ఉప్పు పేరుకుంటుంది. వాటికి బియ్యం కడిగిన నీళ్ళే మేలు. స్నానాల గదిలో కారే కుళాయి కింద రాత్రంతా చెంబు పెట్టి పొద్దున్నే చూడు. వాషరు మార్పించమని నేను వేరే చెప్పనక్కర్లేదు.

గ్యాసుకైతే, కందిపప్పు అరగంట నానబెట్టి, కుక్కరుకు కూత వచ్చాక మంట తగ్గించడం చాలు. కరెంటు గురించి ఒక్క మాట: పాత సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే, ఇప్పుడొచ్చే, బ్రష్‌లు లేని మోటారుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర నడుస్తుంది, రోజుకు 12 గంటలు తిరిగితే రెండు రోజులకు ఒక యూనిట్టు మిగులుతుంది. అయినా బాగా తిరుగుతున్న ఫ్యానును దీనికోసం విప్పి పారేయవద్దు; అది చెడినప్పుడే మార్చండి.

వచ్చే నెల మొదటి వారంలో వస్తున్నాను. డబ్బాలకు కన్నాలు పెట్టించి, ఆకులు తెచ్చి ఉంచు. మజ్జిగ నేను వచ్చాక పులియబెడదాం.

ఇట్లు,
మీ అత్తయ్య